నమూనా మారిపోయిందనుకున్నాను

తాల్కవానో రేవులో ఆ ఉదయం
చేపపిండి మిల్లుల కంపు
ఆసుపత్రి మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చింది.
కిటికీ మూసి కూర్చున్నాను.
యంత్రం ఒక అంకె ఉమ్మింది:
పదకొండు వేల నాలుగు వందలు.
పది దాటకూడని చోట.

ఆల్ఫా ఫీటోప్రొటీన్.
మేం దాన్ని వెతికేది
నాలుగో నెల చూలాళ్లలో, కాలేయం చెడినవాళ్లలో.
గొట్టం మీద పేరు చూస్తే
నోల్బెర్తో కారిలెయో, మగ, ఇరవై ఆరు,
సముద్రం అడుక్కి మునిగి
రాళ్లకంటిన లోకో నత్తలు పెరికేవాడు.

ఏ గర్భిణి రక్తమో
ఇతని చీటీ కట్టుకుని వచ్చిందనుకున్నాను.
వార్డుకి ఫోన్ చేసి మిరెయా మీద అరిచాను కూడా.
ఆమె ఒక్క మాటా అనలేదు.
మళ్లీ గుచ్చి, తనే తెచ్చిచ్చింది,
అరచేతి వెచ్చదనం ఇంకా వదలని గొట్టం.

పదకొండు వేల మూడు వందల ఎనభై.

ముప్ఫై ఏళ్ల కొలువులో
ఒక అంకెకి క్షమాపణ చెప్పుకోవడం అదే మొదలు.
మిరెయాకి మాత్రం చెప్పలేదు, ఇప్పటికీ.

కుడి ఊపిరితిత్తి పైభాగంలో
కోడిగుడ్డంత తెల్లదనం.
క్షయ అన్నారు మొదట.
సూదితో తీసిన ముక్క చూసి
'రూపు తేలని క్యాన్సర్' అని రాశారు,
పక్కన పెన్సిల్‌తో: పొగ తాగుతాడా?
తాగడు.
నా అంకె చేతికందాక డాక్టర్ ఎతెల్వీనా
అదే ముక్కకి కొత్త రంగులు పట్టించింది.
రాత్రి ఎనిమిదింటికి పిలిచి
సూక్ష్మదర్శిని ముందు నుంచి లేచి చోటిచ్చింది.
కేంద్రకాల నిండా గోధుమరంగు,
తడి ఇసుక మీద చినుకులు పడ్డట్టు.
"సొనసంచి గడ్డ," అంది
గుళ్లో మాట్లాడినంత మెల్లగా.

పిండం బియ్యపు గింజంత ఉన్నప్పుడు
సొనసంచి గోడ దిగి
బీజకణాలు నడక మొదలెడతాయి,
ఎప్పటికో పుట్టబోయే బిడ్డల్ని మోసుకుని.
ఒకటో రెండో దారి తప్పుతాయంటారు.
అదేనా కారణం? ఎవరూ తేల్చలేదు.
తప్పిన ఆ ఒక్కటి
ఇరవై ఆరేళ్లు కిక్కురుమనకుండా ఉండి
ఒకనాడు పసిభాష అందుకుంది.
కడుపులో బిడ్డ తప్ప ఇంకెవరూ పలకని మాట.
ఎక్స్‌రేకి ఆ మాట వినపడదు.
నా పాత యంత్రానికి చెవులున్నాయి, అంతే.

కిందంతా వెతికారు. వృషణాలు, పొట్ట వెనక.
ఎక్కడా ఏమీ లేదు.
గడ్డకి పుట్టిల్లు ఊపిరితిత్తే.
అతను అన్నాడట మిరెయాతో:
"ఊపిరి బిగబట్టడం నేర్చుకుంది దాంతోనే గదా."
అందుకే మూడు మందుల్లో
ఊపిరితిత్తుల్ని బిరుసెక్కించేదాన్ని పక్కనపెట్టి
వేరేది కలిపారు.

ఆ పైన నాకు మంగళవారాలే మిగిలాయి.
ఆరు వేలు.
మూడు వేల రెండు వందలు.
పదహారు వందల చిల్లర.
పై మంగళవారం కూడా పదహారు వందలే.
ఆ రాత్రి మా ఆయన వండిన చేపలపులుసులో
ఉప్పుందో లేదో నేను చెప్పలేను.
ఆ తర్వాత ఏడు వందలు.
తర్వాత కోత, తిత్తిలో ఒక ముక్క పోయింది.
తర్వాత నూట పది.

అతన్ని అంతవరకూ చూడలేదు నేను.
రక్తం తెలుసు, రంగు తెలుసు, పుట్టినతేదీ తెలుసు.
ఆగస్టులో ఒకరోజు ల్యాబ్ అద్దం అవతల
బోడిగుండు మీద ఉన్నిటోపీ,
న్యూస్‌పేపర్‌లో చుట్టిన నత్తల పొట్లం.
అది వేటనిషేధపు నెల,
ఎవరు పెరికారని అడగలేదు.
"ఈవారం ఎంత?" పెదాలతోనే అడిగాడు.

ఫలితం డాక్టరే చెప్పాలి. అది నియమం.
నేను రెండు చేతులూ పైకెత్తి
ఒక బొటనవేలు ముడిచాను.

అతనికి అర్థం కాలేదు.
వెళ్లొస్తాననుకున్నాడు కాబోలు,
తనూ చెయ్యి ఊపి,
పొట్లం గట్టు మీద పెట్టి
మెట్లు దిగిపోయాడు,
ప్రతి మలుపులో కాస్త ఆగుతూ.